కట్ట మీద నుంచి చూస్తే ఒకే నీరు: ఒక మంచినీటి జలాశయం కేసు

ఈ కేసును రాసి పెట్టడానికి కారణం ఒక్కటే. ఇందులో ప్రయోగశాల ఇచ్చిన ప్రతి ఫలితమూ సరిగ్గానే ఉంది. నీళ్లు మాత్రం బాగా లేవు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నీటి నాణ్యత పనిలో చాలా ఏళ్లు గడిపినా, ఈ రెండూ ఒకేసారి నిజం కాగలవని నాకు పూర్తిగా తెలిసింది ఈ ఊళ్లోనే. పట్టణం పేరు, కాలువ పేరు, సంవత్సరం రాయడం లేదు. కొలతలను దగ్గరి అంకెకు సవరించాను.

నేపథ్యం

పాత గుంటూరు జిల్లాలో, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ కింద ఉన్న మున్సిపల్ పట్టణం అది. వేసవిలో కాలువ కట్టేస్తారు. ఆలోపు నింపుకున్న నీటితోనే మళ్లీ కాలువ వదిలేదాకా పట్టణమంతా బతకాలి. అందుకోసం కట్టిన జలాశయం వంద ఎకరాల పైచిలుకు. ఊరివాళ్లు ఇప్పటికీ దాన్ని మంచినీళ్ల చెరువు అనే అంటారు. చుట్టూ మట్టికట్ట, లోపలి వైపు రాతి పరుపు, ఒక మూల ఇంటేక్ బావి, అంటే శుద్ధికి పంపే నీటిని తోడే బావి. కట్ట పోయడానికి కావలసిన మట్టిని ఆ మూలే తవ్వారు కాబట్టి అన్నిటికంటే లోతైన చోటు అదే. చెరువు నిండితే అక్కడ పది మీటర్లు, మే నాటికి ఏడున్నర. ఇంటేక్ బావికి మూడు ఎత్తుల్లో మూడు తూములు పెట్టారు. పై రెండింటి తలుపులు తుప్పు పట్టి ఏళ్ల తరబడి కదలలేదు. అడుగు తూము ఒక్కటే పనిచేసేది. నీటిమట్టం ఎంత పడిపోయినా నీరు అందుతుంది కదా అని దానితోనే సరిపెట్టుకున్నారు. నీరు అందడం గురించి మాత్రమే ఆలోచిస్తే అందులో తప్పేమీ లేదు.

ఈ నీరు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. కృష్ణ మోసుకొచ్చే ఒండ్రులో చాలా భాగం ఎగువ జలాశయాల్లోనే ఆగిపోతుంది. నాగార్జునసాగర్ కట్టినప్పుడు సామర్థ్యం 408 టీఎంసీలు, ఇప్పటి లెక్కల్లో 312. ఆ తేడాకు ప్రధాన కారణం అడుగున పేరుకున్న పూడికే. ఆ కిందనున్న పులిచింతలలో 45.77 టీఎంసీలు, ప్రకాశం బ్యారేజీ వెనుక మూడు టీఎంసీల చిల్లర. ఇన్నిచోట్ల నిలిచి వచ్చిన నీరు చలికాలంలో తేటగా ఉంటుంది. చూడటానికి బాగుంటుంది కూడా. కానీ తేటనీటిలోకి ఎండ లోతుగా దిగుతుంది. భాస్వరం, నత్రజని తగినంత ఉన్నచోట ఆ ఎండే నాచును పెంచుతుంది. వానాకాలంలో కథ వేరు. మునేరు వరద బ్యారేజీకి ఎగువనే కలుస్తుంది. 2015 నుంచి పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీరు పోలవరం కుడికాలువ మీదుగా వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడుతోంది. కాబట్టి ఒకే చెరువులోకి ఏడాదిలో రెండు మూడు స్వభావాల నీరు చేరుతుంది. నీటిశుద్ధి ప్లాంటు సిబ్బంది పటిక మోతాదును ఆగస్టులో చూసుకున్నంత జాగ్రత్తగా ఏప్రిల్లో చూడరు. నీరు తేటగా ఉన్న నెలల్లో ప్రమాదం ఉండదని వాళ్ల నమ్మకం. ఈ కేసంతా ఆ తేట నెలల్లోనే జరిగింది.

ఫిర్యాదు

ఏప్రిల్ చివరి వారంలో నన్ను పిలిచారు. అప్పటికి మూడు వారాలుగా పట్టణం చివరి వీధుల నుంచి రెండు రకాల ఫిర్యాదులు వస్తున్నాయి. నీటికి బురద వాసన వస్తోందన్నది ఒకటి. ఉతికిన బట్టల మీద నల్లటి మచ్చలు పడుతున్నాయన్నది రెండోది. ప్లాంటుకు దగ్గరి వీధుల్లో మచ్చల మాటే లేదు.

ఒక ఇంట్లో పెద్దావిడ తెల్లపంచె తెచ్చి నా చేతిలో పెట్టింది. “చూడమ్మా, మా ఆయన గుడికి కట్టుకెళ్లే పంచె. మూడుసార్లు ఉతికాను. ఉతికిన కొద్దీ మచ్చ పెరుగుతోంది” అంది. ఆ మాటను పుస్తకంలో రాసుకున్నాను గాని, అందులో ఎంత సమాచారం ఉందో ఆ రోజు గ్రహించలేదు. ఉతికిన కొద్దీ మచ్చ పెరుగుతోందంటే అది నీటిలో అప్పటికే ఉన్న మురికి కాదు. కుళాయిలోంచి తేటగానే వచ్చి, ఆ తర్వాత నల్లబడే పదార్థం.

ఇంతకాలం వచ్చిన పరీక్ష నివేదికలన్నీ బాగున్నాయి. ప్లాంటు నుంచి బయటికి వెళ్లే నీటి మసక 1 యూనిట్ లోపు. ఉదజని సూచిక (పీహెచ్), కాఠిన్యం, ఫ్లోరైడ్, సూక్ష్మజీవుల పరీక్ష, అన్నీ ప్రమాణాల్లోనే. ముడినీటి, అంటే శుద్ధి చేయని చెరువు నీటి, నమూనాలూ బాగానే ఉన్నాయి. ఆ నమూనాను ప్రతిసారీ ఉదయం పదిన్నర, పదకొండు గంటలకు కట్ట మెట్ల దగ్గర, చెయ్యి అందేంత లోతులో ముంచి పట్టేవారు. మాంగనీసు అనే లోహం పరీక్ష ఆ జాబితాలో లేదు.

అప్పటికే చేసినవి

నేను వెళ్లేసరికి నాలుగు ప్రయత్నాలు జరిగిపోయాయి. ఒక్కొక్కటీ ఎందుకు చేశారో విన్నప్పుడు ఏదీ తెలివితక్కువగా అనిపించలేదు. అందుకే వాటిని వివరంగా రాస్తున్నాను.

మొదటిది క్లోరిన్ పెంచడం. చివరి వీధుల్లో మిగులు క్లోరిన్ సున్నా చూపిస్తోంది. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. కాబట్టి మోతాదు రెట్టింపు చేశారు. మిగులు రాలేదు, మచ్చలు ఎక్కువయ్యాయి. క్లోరిన్ ఎందుకు ఖర్చయిపోతోందన్న ప్రశ్న ఎవరూ వేసుకోలేదు. ఆక్సిజన్ లేని అడుగునీటిలో అమ్మోనియా, కుళ్లిన గుడ్ల వాసన వేసే సల్ఫైడు, కరిగిన ఇనుము, మాంగనీసు ఉంటాయి. సూక్ష్మజీవులను చంపడానికి వేసిన క్లోరిన్‌ను ఇవన్నీ పంచుకుంటాయి. వీటిలో మాంగనీసు తీరు ప్రత్యేకం. అది క్లోరిన్‌తో వెంటనే కలవదు. మామూలు నీటిలో గంటల కొద్దీ పడుతుంది. అంటే ఫిల్టరు దాటేదాకా కరిగే ఉండి, గొట్టాల్లో ప్రయాణిస్తూ నల్లటి పొడిగా మారుతుంది. ప్లాంటు దగ్గర మచ్చలు లేకపోవడానికి, చివరి వీధుల్లో ఉండటానికి ఇదే కారణం. క్లోరిన్ పెంచడం ఆ మార్పును వేగవంతం చేసింది.

రెండోది పటిక మోతాదు పెంచడం. పటిక తేలియాడే రేణువులను కూడగట్టి కిందికి దింపుతుంది. కరిగి ఉన్న మాంగనీసుకు దానితో పని లేదు. మూడోది ఫిల్టర్ బెడ్లలో ఇసుక మార్చడం. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది. ఏళ్ల తరబడి నడిచిన ఇసుక రేణువులకు సన్నటి నల్లపూత పడుతుంది. క్లోరిన్ ఉన్న నీరు ఆ పూత మీదుగా పోయేటప్పుడు కొంత మాంగనీసు అక్కడే పట్టుబడుతుంది. ఇసుక నల్లగా ఉందని, అదే మచ్చలకు కారణమని తీసేశారు. అప్పటిదాకా పట్టణాన్ని ఎంతో కొంత కాపాడిన పొరను తెలియక బయట పారబోశారు.

నాలుగోది మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్). చెరువు పచ్చబడుతోందని గోతాల్లో కట్టి పడవ వెనుక ఈడ్చారు. మిరప తోటలకు మందులు కొట్టే ప్రాంతం కదా, మైలుతుత్తం దొరకడం కష్టం కాదు. మూడు రోజుల్లో నీరు తేటపడింది. అందరూ సంతోషించారు. పదో రోజుకు వాసన రెట్టింపయింది. నాచు చచ్చినప్పుడు కణాలు పగిలి లోపలున్న వాసన పదార్థాలన్నీ నీటిలో కలుస్తాయి. వాటిలో జియోస్మిన్ అనేదాన్ని మనిషి ముక్కు లీటరుకు పది నానోగ్రాముల దగ్గరే పసిగడుతుంది. క్లోరిన్ దాన్ని పెద్దగా తగ్గించలేదు. కొన్ని రకాల నీలి ఆకుపచ్చ నాచులో విషపదార్థాలూ ఉంటాయి. నీటిని మరిగించినా అవి పోవు. అందుకే నాచు ముదిరాక మందు వేసి చంపడం తాగునీటి చెరువులో ప్రమాదకరం. అంతకుమించిన నష్టం మరొకటి జరిగింది. చచ్చిన నాచంతా అడుగుకు చేరి, కుళ్లుతూ అక్కడున్న ఆక్సిజన్‌ను తినేసింది.

నేను పడిన పొరపాటు

నేను వెళ్లిన మొదటి వారంలో గొట్టాలను అనుమానించాను. చివరి వీధుల్లోనే సమస్య ఉందంటే దారిలో ఏదో జరుగుతోందని తర్కించాను. పాత పోత ఇనుము గొట్టాలు, ఎప్పుడూ కడగని లైన్లు. కాబట్టి రాత్రిపూట చివరి వాల్వులు తెరిపించి లైన్లు కడిగించాను. నల్లటి నీరు ధారగా పోయింది. రెండు రోజులు ఇళ్లలో నీరు తేటగా వచ్చింది. తొమ్మిదో రోజుకు మచ్చలు తిరిగి వచ్చాయి. నల్లపొడి గొట్టాల్లో తయారవుతోందన్నది నిజమే గాని, దాని ముడిసరుకు వేరేచోటి నుంచి వస్తోంది. ఆ తేడా గమనించకుండా తాగునీటికి కటకటగా ఉన్న రోజుల్లో లక్షల లీటర్లు కాలవ పాలు చేశాను. చుక్కచుక్కకూ లెక్క ఉండే ఊళ్లో అది చిన్న తప్పు కాదు.

అప్పుడు పెద్దావిడ మాట మళ్లీ చదువుకున్నాను. కడిగినప్పుడు పట్టి ఉంచిన నల్లటి మడ్డి మీద మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ నాలుగు చుక్కలు వేశాను. బుస్సున పొంగింది. మాంగనీసు డయాక్సైడ్ ఉంటే అలా పొంగుతుంది. ఇతర పదార్థాలతోనూ కొంత పొంగవచ్చు కాబట్టి ఇది తేల్చి చెప్పే పరీక్ష కాదు, దారి చూపే గుర్తు మాత్రమే. ప్రయోగశాలకు పంపిన నమూనా రెండు రోజుల్లో అదే నిర్ధారించింది. తాగునీటిలో మాంగనీసు లీటరుకు 0.1 మిల్లీగ్రాములు దాటకూడదని మన జాతీయ ప్రమాణం చెబుతుంది. వేరే దారి లేనప్పుడు 0.3 దాకా సహిస్తారు. ప్లాంటు నుంచి బయలుదేరే తేటనీటిలోనే 0.7 ఉంది.

పడవ మీద ఒక రోజు

కట్ట మెట్ల దగ్గరి నీటిలో మాంగనీసు జాడే లేదు. ప్లాంటుకు వచ్చే ముడినీటిలో 0.8 ఉంది. రెండూ ఒకే చెరువు నీరు. ఆ రెండు అంకెలను పక్కపక్కన చూసుకున్న తర్వాత పడవ ఎక్కకుండా ఉండలేకపోయాను.

మా దగ్గర ఖరీదైన పరికరాలు లేవు. బరువు కట్టిన సీసా, దాని బిరడాకు వేరే తాడు. కావలసిన లోతుకు దించాక బిరడా లాగితే ఆ లోతు నీరే నిండుతుంది. థర్మామీటరు, పడవలోనే రసాయనాలు కలిపి ఆక్సిజన్‌ను స్థిరపరిచే సీసాలు, నీటిలోకి దించి ఎంత లోతు దాకా కనిపిస్తుందో చూసే, తెలుపు నలుపు రంగులు వేసిన సెక్కీ బిళ్ళ. మే మొదటి వారంలో ఉదయం ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, ఇంటేక్ బావి పక్కన మీటరుకో నమూనా పట్టాం. రెండు పూటలు ఎందుకంటే, నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి పీల్చుకుంటుంది. ఒక్క పూట కొలిస్తే సగం కథే తెలుస్తుంది.

మధ్యాహ్నం పైనీరు 33 డిగ్రీలు, ఆక్సిజన్ లీటరుకు 11 మిల్లీగ్రాములు. ఆ వేడిలో నీరు మామూలుగా పట్టుకోగలిగింది 7 పైచిలుకు మాత్రమే. నాచు ఎంత ఉధృతంగా ఉందో అదొక్కటే చెబుతోంది. ఉదజని సూచిక 9.1. సెక్కీ బిళ్ళ నలభై అయిదు సెంటీమీటర్ల దగ్గరే కనుమరుగయింది. మూడు మీటర్ల దాకా ఆక్సిజన్ నాలుగుకు పైనే ఉంది. నాలుగో మీటరు దగ్గర ఒక్కసారిగా పడిపోయింది. అయిదు మీటర్ల దగ్గర 0.6, ఏడు మీటర్ల దగ్గర కొలవడానికేమీ లేదు. అక్కడి నీరు 28.5 డిగ్రీలు. సీసా మూత తీయగానే పడవ నడిపేవాడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మాంగనీసు పైన దాదాపు లేదు, ఆరు మీటర్ల దగ్గర 0.8, ఏడు దగ్గర 1.3. అడుగు తూము సరిగ్గా ఆరు మీటర్ల దగ్గర ఉంది.

నాలుగున్నర డిగ్రీల తేడా పెద్దదేమీ కాదని మున్సిపల్ ఇంజనీరు గారు అన్నారు. చలిదేశాల చెరువుల్లో నిజంగానే అది అంత పెద్ద తేడా కాకపోవచ్చు. మనకు చాలా పెద్దది. నీరు అన్నిటికంటే బరువుగా ఉండేది నాలుగు డిగ్రీల దగ్గర. అక్కడి నుంచి పైకి పోయిన కొద్దీ ఒక్కో డిగ్రీకి బరువు తగ్గే వేగం పెరుగుతుంది. ముప్పై డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ తేడా తెచ్చే బరువు మార్పు, అయిదు డిగ్రీల దగ్గర తెచ్చేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే మన వేసవిలో తేలికైన వేడినీరు బరువైన చల్లనీటి మీద మూతలా కూర్చుంటుంది. మామూలు గాలికి ఆ మూత కదలదు. మూత కింద ఉన్న నీటికి గాలితో సంబంధం తెగిపోతుంది. అడుగు బురదలోని సూక్ష్మజీవులు మొదట ఆక్సిజన్‌ను, తర్వాత నైట్రేటును, ఆ తర్వాత బురదకు అంటుకున్న మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లను వాడుకుంటాయి. అప్పటిదాకా గట్టిగా ఉన్న మాంగనీసు కరిగి నీటిలోకి వస్తుంది. ఇనుమును పట్టుకుని ఉన్న భాస్వరం కూడా విడుదలై పైకి చేరినప్పుడు మళ్లీ నాచుకు మేత అవుతుంది. చెరువు తన సమస్యను తానే పెంచుకునే స్థితి ఇది.

ఎక్కడి నీరు తోడాలి, ఎప్పుడు గాలి కొట్టాలి

తక్షణం చేయవలసింది తోడే లోతు మార్చడం. పై తూములు తెరుచుకోవు. డ్రమ్ములతో తెప్ప కట్టి, దాని మీద పంపులు పెట్టి, కావలసిన లోతుకు గొట్టం వేలాడదీయాలని నిర్ణయించాం. ఏ లోతుకు అన్నదాని మీద ఒక పూట చర్చ జరిగింది. పైనీరే ఆక్సిజన్‌తో ఉంది కదా, అదే తోడదామన్నారు. వద్దన్నాను. పైన నాచు దట్టంగా ఉంది. పైగా ఉదజని సూచిక 9 దాటిన నీటిలో పటిక సరిగా కూడదు, వేసిన క్లోరిన్‌లో సూక్ష్మజీవులను బలంగా చంపే రూపం అయిదు శాతం కూడా మిగలదు. అడుగున మాంగనీసు, పైన నాచు. రెండింటికీ మధ్య ఆక్సిజన్ నాలుగుకు పైన ఉండి, వెలుతురు అందని చోటు రెండున్నర మీటర్లు. అదే ఖాయం చేశాం.

రెండో నిర్ణయం మీద నాకు ఎవరి మద్దతూ దొరకలేదు. అడుగు నుంచి గాలి బుడగలు వదిలి నీటిని కలియబెట్టే యంత్రాన్ని వారంలో బిగిస్తామని ఒక సరఫరాదారు ముందుకొచ్చాడు. డబ్బు కూడా మంజూరయ్యే పరిస్థితి. నేను మేలో వద్దని గట్టిగా చెప్పాను. అప్పటికే విషమించిన అడుగునీటిని ఒక్కసారిగా పైకి తెస్తే పైనున్న మంచినీరూ పోతుంది. ఆక్సిజన్ మొత్తం పడిపోతుంది. తోడుకోవడానికి ఏ లోతులోనూ మంచి పొర మిగలదు. గాలి కొట్టడం మూత పడకుండా చేసే పని, పడిన మూతను చింపే పని కాదు. ఇది వేసవి మొదలవకముందే, ఫిబ్రవరిలో మొదలుపెట్టాలి. “జనం ఇప్పుడు బాధపడుతుంటే ఫిబ్రవరి అంటారేమిటి మేడం?” అని ఒక కౌన్సిలర్ గారు అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. నా దగ్గర వాదన తప్ప రుజువు లేదు.

గాలివాన

తెప్ప ఇంకా పూర్తి కాలేదు. మే మూడో వారంలో ఒక సాయంత్రం ఈదురుగాలులతో పెద్ద వాన పడింది. రాత్రంతా గాలి వీచింది. తెల్లవారేసరికి గట్టు పొడవునా చేపలు తేలి ఉన్నాయి. చెరువంతా టీ డికాక్షన్ రంగులో ఉంది. ఎనిమిది గంటలకు కొలిచాం. పైనుంచి కిందిదాకా ఒకే ఉష్ణోగ్రత, 29. ఆక్సిజన్ ఎక్కడా రెండు దాటలేదు. యంత్రంతో ఏం జరుగుతుందని నేను భయపడ్డానో, గాలి ఒక్క రాత్రిలో అదే చేసింది. అప్పటిదాకా ప్లాంటు సిబ్బంది కంటికి కనిపించని సమస్య ఆ రోజు ఫిల్టర్ బెడ్ల మీద కనిపించింది. నాలుగు గంటలకొకసారి కడగాల్సి వచ్చింది.

చెరువు నుంచి తోడటం రెండు రోజులు ఆపి, ఓవర్‌హెడ్ ట్యాంకుల నిల్వతోనూ ట్యాంకర్లతోనూ నడిపాం. మూడో రోజు నుంచి ముడినీటిలో పర్మాంగనేట్ వేశాం. మాంగనీసును అది నిమిషాల్లోనే గట్టిపరుస్తుంది, అప్పుడు పటిక, ఫిల్టరు దాన్ని పట్టుకోగలవు. లెక్క ప్రకారం ఒక వంతు మాంగనీసుకు దాదాపు రెండు వంతులు కావాలి. ఎక్కువైతే ఇళ్లకు గులాబీరంగు నీరు వెళుతుంది. అందుకని ప్రతి షిఫ్టులో ఆరు గ్లాసు పాత్రల్లో ఆరు మోతాదులు వేసి, పావుగంట తర్వాత రంగు మిగలని వాటిలో అన్నిటికంటే ఎక్కువదాన్ని తీసుకున్నాం. ప్లాంటు ఆపరేటర్ ఈ పనిని నాకంటే ఓపికగా చేశాడు. రాత్రి షిఫ్టులో మోతాదు మార్చినప్పుడల్లా ఫోను చేసి, “ఒక్క చుక్క గులాబీ కూడా లేదు మేడం” అని చెప్పేవాడు.

రోహిణి కార్తె ఎండలకు చెరువు పది రోజుల్లో మళ్లీ పొరలు కట్టింది. ఈసారి తెప్ప సిద్ధంగా ఉంది. రెండున్నర మీటర్ల దగ్గరి నుంచి తోడిన నీటిలో మాంగనీసు 0.1 లోపు వచ్చింది. పర్మాంగనేట్ క్రమంగా ఆపేశాం. అప్పుడు, అప్పుడు మాత్రమే, లైన్లు మరోసారి కడిగించాను. ఈసారి మచ్చలు తిరిగి రాలేదు.

ఆక్సిజన్ ఎక్కడికి పోయింది

మూత పడటం ఎండ వల్ల. మూత కింద ఆక్సిజన్ ఇంత తొందరగా అయిపోవడం మాత్రం మనుషులు చేసిన పని. జూన్‌లో దాని వెనుక పడ్డాను.

చెరువును చేపల పెంపకానికి వేలం వేస్తున్నారు. పాటదారు ఏటా తవుడు, పేడ, కొంత ఎరువు వేస్తున్నాడు. చేపల చెరువులో అది న్యాయమైన పనే. మంచినీటి చెరువులో ప్రతి బస్తా అడుగున కుళ్లే సరుకు అవుతుంది. గుర్రపుడెక్కను కోసి గట్టెక్కించకుండా నీళ్లలోనే వదిలేస్తున్నారు, అదీ మునిగి కుళ్లుతోంది. వీటికంటే పెద్దది నింపే తీరు. కాలువ కట్టేసిన నెలల్లో కాలువ గర్భంలో చెత్త, పశువుల పేడ, ఊళ్ల మురుగు, పొలాల నుంచి దిగిన ఎరువుల అవశేషం పేరుకుంటాయి. నీరు వదిలినప్పుడు మొదటి వారం వచ్చేది వీటిని కడిగి తెచ్చే నీరే. చెరువు అప్పటికి అడుగంటి ఉంటుంది కాబట్టి ఆ నీటినే ఆత్రంగా లోపలికి తీసుకుంటున్నారు. కాలువ లస్కరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఈ మాట చెప్పారు: “పూర్వం మొదటి నీటిని పొలానికి వదిలేవాళ్లం. రెండో వారం నీటితో ఊరి చెరువు నింపేవాళ్లం.” ఆ నియమం ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తు లేదు.

మొదటి పది రోజులు నీరు తీసుకోవద్దని రాసిచ్చాను. కమిషనర్ గారు కుదరదన్నారు. పట్టణానికి అయిదు రోజుల నీళ్లే మిగిలి ఉన్నప్పుడు ఆ మాట కాగితం మీదే బాగుంటుంది. ఆయన చెప్పింది నిజమే. చివరికి చెరువులోకి నీరు దిగే మూల చిన్న అడ్డుకట్ట వేసి, మొదటి నీరు అక్కడ నిలిచి తేరుకున్నాకే లోపలికి పొర్లేలా చేశారు. అందులో పడే పూడికను ఏటా ఎత్తేయవచ్చు. చేపల వేలం ఆపించడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆదాయం పోతుందన్న అభ్యంతరానికి జవాబుగా ఆ వేసవి పటిక, క్లోరిన్, పర్మాంగనేట్, ట్యాంకర్లు, మార్చిన ఇసుక ఖర్చులను వేలం డబ్బు పక్కన పెట్టి చూపించాను.

మరుసటి వేసవి

ఫిబ్రవరి రెండో వారంలో గాలి యంత్రం మొదలైంది. రంధ్రాలున్న గొట్టాన్ని బురదకు ఆనించకుండా మీటరు పైన వేలాడదీయించాను. బురద లేస్తే సమస్యను మనమే పైకి తెచ్చినట్టవుతుంది. ఏప్రిల్ నెలంతా పైనీటికీ అడుగునీటికీ తేడా ఒక డిగ్రీకి అటూ ఇటూగా ఉంది. అడుగున ఆక్సిజన్ మూడుకు తగ్గలేదు.

ఆ ఏప్రిల్ చివర్లో కంప్రెసర్ చెడిపోయింది. విడిభాగం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ రోజుకు రెండుసార్లు కొలిపించాను. అయిదో రోజుకు అడుగున ఆక్సిజన్ ఒకటి లోపుకు దిగింది. ఎనిమిదో రోజున మాంగనీసు కనిపించడం మొదలైంది. తోడేది తెప్ప మీది నుంచే కాబట్టి పట్టణానికి తెలియలేదు. తొమ్మిదో రోజున యంత్రాన్ని పూర్తి బలంతో కాకుండా, రోజుకు రెండు గంటల చొప్పున పెంచుతూ నడిపాం. అడుగునీరు ఒక్కసారిగా పైకి రాకూడదని. ముందు సంవత్సరం నన్ను ప్రశ్నించిన కౌన్సిలర్ గారు స్వయంగా పడవ ఎక్కి ఆ సీసాలు చూశారు.

మిగిలినవి

వాసన పూర్తిగా పోలేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో కొన్ని రోజులు బురద వాసన వస్తూనే ఉంది. ఆ రోజుల్లో వేయడానికి బొగ్గుపొడి నిల్వ పెట్టుకున్నారు. అడుగున దశాబ్దాల పూడిక అలాగే ఉంది. దాన్ని తీయాలంటే చెరువు ఎండాలి, ఎండితే పట్టణానికి నీళ్లు ఉండవు. చెరువును అడ్డంగా రెండు భాగాలు చేసి ఒకదాని తర్వాత ఒకటి తవ్వాలన్న ప్రతిపాదన ఇచ్చాను. అది ఇంకా పరిశీలనలో ఉంది. పై తూములు రెండింటిలో ఒకదాన్ని మాత్రం బాగుచేశారు.

ముడినీటి నమూనా ఇప్పుడు కట్ట మెట్ల దగ్గర పట్టడం లేదు. వారానికి రెండుసార్లు ఆపరేటర్ పడవ మీద వెళ్లి, ఒక మీటరు దగ్గరా అడుగుకు మీటరు పైనా, తెల్లవారుజామునా మధ్యాహ్నం మూడు గంటలకూ కొలిచి, నాలుగు గళ్ల పుస్తకంలో రాస్తాడు. నెలాఖరున ఆ పేజీల ఫోటోలు నాకు వస్తాయి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా వాటిలో ముందుగా నేను చూసేది అడుగు నీటి ఆక్సిజన్ గడి.